నెట్ లేని లాప్‌టాప్, ఉప్పు లేని ఉప్మా

నేను భయస్తురాలిని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీకు నవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చిన రోజులకు లెక్కలేదు. తెనాలి స్టేషన్‌లో రైలెక్కి కూర్చున్నాక కూడా "ఇది రేపల్లె వెళ్ళేదేనా అండీ?" అని పక్కవాళ్ళని అడిగేదాన్ని. ఏళ్ళ తరబడి అదే రైలు, అదే ప్లాట్‌ఫారం. అయినా అడిగేదాన్ని.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు, మీ అనుభవాలు రాసిపెట్టండి మేడం అన్నారు. ప్రమోషన్ల గురించి రాయను, అవి వచ్చినప్పుడు వచ్చాయి. ఫైళ్ళ గురించి రాయను, ఒక్క కాగితం తప్ప. ఒక అమ్మాయి పరీక్ష గురించి, దాని చుట్టూ నేను చేసిన రెండు తప్పుల గురించి రాస్తాను. నా ఉద్యోగం ఏమిటో దాన్నిబట్టి మీకే తెలుస్తుంది.

పని

మా ట్రస్టుకు తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. మూడుచోట్లా కంప్యూటర్లకు దిక్కు నేనే. ఆర్డరు కాగితం మీద నా ఉద్యోగం పేరు చాలా పొడుగు. పిల్లలు మాత్రం సిస్టమ్ మేడం అనేవాళ్ళు.

మా లాప్‌టాప్‌లలో విండోస్‌కు బదులు లైనక్స్ ఉండేది. ఆదర్శం కోసమేమీ పెట్టలేదు. కొనక్కర్లేదు, ముసలి మిషన్ల మీద కూడా నడుస్తుంది, అంతే. నెట్ ఉన్నచోట దాంట్లో కొత్త సాఫ్ట్‌వేర్ వెయ్యడం చాలా తేలిక. పేరు చెప్తే చాలు, దానికి కావలసినవన్నీ అదే వెతికి తెచ్చుకుంటుంది. నెట్ లేనిచోట వేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఒంటరిగా రాదు. అది నడవాలంటే ఇంకో నాలుగు చిన్న ముక్కలు కావాలి. ఆ నాలుగింటికీ ఇంకో పది కావాలి. అవన్నీ ఎక్కడో దించుకుని, పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని మోసుకెళ్ళాలి. ఒక్క ముక్క తగ్గినా మిగతావి మొండికేసి కూర్చుంటాయి.

ఈ రోజుల్లో నెట్ లేకపోవడమేంటి అంటారు. వాన పడితే ఉండదు. మురుక్కాలవ కోసం రోడ్డు తవ్వితే ఉండదు. పరీక్షలప్పుడు అసలు ఉండకూడదు. నా కథ ఈ మూడోదానితోనే.

మా నాన్న లిస్టు

మాది సంగం జాగర్లమూడి. మా నాన్న పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు లగ్నపత్రిక రాయించుకోగానే మా ఇంటికి వచ్చేవాళ్ళు. ఎంతమంది, ఎన్ని పూటలు అని అడిగి నాన్న సరుకుల లిస్టు చెప్పేవాడు. నా దస్తూరీ బాగుంటుందని ఎనిమిదో క్లాసు నుంచీ ఆ లిస్టులు నేనే రాసేదాన్ని.

కందిపప్పు, నెయ్యి, జీడిపప్పు అన్నీ అయ్యాక, "ఉప్పు, అగ్గిపెట్టెలు, వేడి గిన్నెలు దించుకోడానికి పాతగుడ్డలు" అని చెప్పేవాడు. పెళ్ళివారు నవ్వేవాళ్ళు.

"మా ఇంట్లో ఉప్పుకి కూడా గతిలేదా ఏంటి వంటాయనా?"

"ఉంటే మంచిదేనండి. లేదనుకునే రాయించండి," అనేవాడు నాన్న.

దానికో కారణం ఉంది. నాన్న కుర్రతనంలో ఒకసారి, ఉప్పు ఎవరింట్లో ఉండదులే అని రాయించలేదట. పెళ్ళేమో కొత్తగా కట్టిన ఇంట్లో. గృహప్రవేశం అయింది గానీ కాపురం ఇంకా అక్కడికి మారలేదు. మగపెళ్ళివారు పొద్దున్నే టిఫిన్‌కు కూర్చునే వేళకు రెండు గుండిగల ఉప్మాకు ఎసరు మరుగుతోంది, ఇంట్లో చిటికెడు ఉప్పు లేదు. ఊళ్ళో కొట్టు ఇంకా తియ్యలేదు. నాన్న ఇల్లిల్లూ తిరిగాడు. ఉప్పు చేతికివ్వరు కదా, గుమ్మం దగ్గర పెడితే ఒక్కో ఇంట దోసెడు ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడట. అంత చేసినా వియ్యపురాలు ఆ ఉప్మా గురించి పదేళ్ళు చెప్పింది.

ఈ కథ నేను వందసార్లు విన్నాను. విన్నదానికీ చేసేదానికీ మధ్య ఎంత దూరముందో బాపట్లలో తెలిసింది.

బాపట్ల

అనూషది తెనాలి దగ్గర జంపని అనే ఊరు. పుట్టుకతోనే చూపు లేదు. మా తెనాలి కాలేజీలో తెలుగు మీడియంలో బి.ఏ. చదివేది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, స్క్రీన్ రీడర్ అంటాం. అది తెలుగులో చదువుతుంటే ఇయర్‌ఫోన్లలో విని, తెలుగులోనే టైపు చేసేది. నాకంటే వేగం. తనకు వెలుతురుతో పనేముంది, బ్యాటరీ దండగ అని తెర వెలుగు పూర్తిగా తగ్గించేసేది. చూసేవాళ్ళకు ఆపేసిన లాప్‌టాప్ ముందు కూర్చుని టైపు చేస్తున్నట్టు ఉండేది.

అప్పటిదాకా పరీక్షలన్నీ స్క్రైబ్‌తోనే రాసింది. అంటే తను చెప్తుంటే పక్కన ఇంకో అమ్మాయి కూర్చుని రాసిపెడుతుంది.

"నేను చెప్పిందే రాసిందో, తనకి తోచింది రాసిందో నాకు తెలీదు మేడం," అంది ఒకరోజు. "ఇన్ని పరీక్షలు రాశాను. నా పేపరు నేను ఒక్కసారి కూడా చదువుకోలేదండి."

ఆఖరి సంవత్సరం పరీక్షలు తానే టైపు చేస్తానని అర్జీ పెట్టుకుంది. యూనివర్సిటీ చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరి పేపరుకు మాత్రం అనుమతి వచ్చింది. ఆ పేపరు ఎకనామిక్స్. షరతులు బోలెడు. లాప్‌టాప్ పరీక్షా కేంద్రానిదే అయ్యుండాలి. దాంట్లో ఉన్నవన్నీ అధికారుల ఎదుట చెరిపేసి లైనక్స్ కొత్తగా ఎక్కించాలి. వైఫై కార్డు ఊడదీయాలి. ఫోను తగిలించకూడదు. కావలసిన సాఫ్ట్‌వేర్ పెన్ డ్రైవ్‌లో తెచ్చి వేసుకోవచ్చు. రాసిన జవాబులు అక్కడికక్కడే ప్రింటు తీసి మిగతా పేపర్లతో కలిపి కట్ట కడతారు. సెంటర్ బాపట్ల పడింది. పని నాకు పడింది.

నేను తెనాలిలో మా ఇంటి లాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్, తెలుగు గొంతు దించి పెన్ డ్రైవ్‌లో పెట్టాను. అందులోంచి వేసి చూశాను. చక్కగా మాట్లాడింది. తీసేసి మళ్ళీ వేశాను. మళ్ళీ మాట్లాడింది. నా అంత జాగ్రత్త మనిషి జిల్లాలో లేదనుకున్నాను.

తప్పు ఎక్కడుందో చెప్తాను, మీరూ చేస్తారు కాబట్టి. నా లాప్‌టాప్‌లో అప్పటికే ఏళ్ళ తరబడి వేసిన సరుకు ఉంది. స్క్రీన్ రీడర్‌కు కావలసిన చిన్న ముక్కల్లో సగం దాంట్లో ముందే ఉన్నాయి. ఉన్నవాటిని అది మళ్ళీ దించుకోదు, లేనివాటినే దించుకుంటుంది. నా పెన్ డ్రైవ్‌లోకి వచ్చింది మా ఇంట్లో లేని సరుకు మాత్రమే. మా ఇంట్లో వేసి చూస్తే ఎన్నిసార్లయినా మాట్లాడుతుంది మరి.

బాపట్లలో ఆ తతంగమంతా పరీక్ష రోజు పొద్దున్నే పెట్టారు. పరీక్ష పదింటికి. తొమ్మిదింపావుకు పెన్ డ్రైవ్ పెట్టాను. ఫలానా ముక్క లేదంది. దాన్ని పక్కనబెట్టి ఇంకోటి వెయ్యబోతే దానికీ ఇంకేదో లేదంది. మూడోదీ అంతే. కాలేజీలో నెట్ కట్టేశారు. నా ఫోను గేటు దగ్గర డబ్బాలో ఉంది. అనూష పక్కనే కుర్చీలో, ఇయర్‌ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదికి పది నిమిషాలు ఉందనగా అక్కడి పెద్దాయన వచ్చి, స్క్రైబ్‌ని పిలిపిస్తున్నాం అన్నాడు.

"పర్లేదు మేడం," అంది అనూష. ఇయర్‌ఫోన్ల తీగ మెల్లగా చుట్టి బ్యాగులో పెట్టుకుంది.

ఎవరో ఇంటర్ అమ్మాయిని అప్పటికప్పుడు తీసుకొచ్చారు. పాపం ఆ పిల్లకు ఎకనామిక్స్ మాటలు కొత్త. అనూష ఒక్కో మాటా మూడేసిసార్లు చెప్పాల్సి వచ్చిందట, నాలుగు ప్రశ్నలకు టైము చాల్లేదు. ఆ ఒక్క పేపరూ తప్పింది.

సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకు జరిగింది చెప్పాను. అప్పటికి వంటలు మానేసి నా దగ్గరే ఉంటున్నాడు. లాప్‌టాప్ అంటే తెలియదు గానీ కథ మొత్తం విన్నాడు.

"ఎవరి వంటింట్లో చూసుకుని రాశావమ్మా లిస్టు?" అన్నాడు.



సంతకం

మా కంప్యూటర్ విభాగానికి పెద్ద కోటేశ్వరరావు గారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఎవరి మీదా గొంతు పెంచరు, పండక్కి అటెండర్లకు కూడా స్వయంగా ఫోన్ చేస్తారు. యూనివర్సిటీకి పంపాల్సిన రిపోర్టు ఆయనే రాశారు. "లాప్‌టాప్‌లో సాంకేతిక లోపం తలెత్తినందువల్ల" అని ఉంది అందులో.

"లాప్‌టాప్ బాగానే ఉంది సార్," అన్నాను.

"తెలుసమ్మా. నీ పేరు రాస్తే నీకు సంజాయిషీ మెమో వస్తుంది. లాప్‌టాప్‌కి మెమో ఇవ్వరు కదా. సంతకం పెట్టు."

పెట్టాను. బాస్ చెడ్డవాడైతే ఎదురుచెప్పడానికి మనసు రాయి చేసుకోవచ్చు. మంచివాడు, పైగా మన కోసమే చెప్తున్నాడు అన్నప్పుడు చెయ్యి దానంతటదే పెన్ను పట్టుకుంటుంది. ఇది మీకూ జరుగుతుంది, జాగ్రత్త. అనూషకూ అదే మాట చేరింది, లాప్‌టాప్ చెడిపోయిందని. నేను కాదనలేదు. తర్వాత ఏడాదంతా ల్యాబ్ ముందునుంచి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆ పేపరు చదువుకోడానికి వచ్చే అనూష లోపలుందేమోనని చెప్పుల చప్పుడు కాకుండా నడిచాను. చూపులేని పిల్ల దగ్గర దాక్కోవడమంటే ఎంత సిగ్గుమాలిన పనో ఆలోచించండి.

రేపల్లె

మరుసటి ఏడు ఆ పేపరు మళ్ళీ రాయడానికి అనూష మళ్ళీ అర్జీ పెట్టింది. మళ్ళీ స్క్రైబ్ లేకుండానే. అనుమతి వచ్చింది. ఈసారి సెంటర్ రేపల్లె. బాపట్లలో అయినదాన్ని చూసి, లాప్‌టాప్ ముందురోజు మధ్యాహ్నమే సిద్ధం చెయ్యాలని, సాయంత్రం ఆరింటికి సీలు వెయ్యాలని నిబంధన మార్చారు. ఆరింటికి మాట్లాడకపోతే స్క్రైబే. ఈ అనుమతి మళ్ళీ మళ్ళీ ఇవ్వం అని కూడా రాశారు. పనికి నన్నే పంపమని కాగితం వచ్చింది.

ఈసారి ఒట్టి లాప్‌టాప్ ఒకటి తీసుకున్నాను. అన్నీ చెరిపేసి, లైనక్స్ కొత్తగా ఎక్కించి, వైఫై ఊడదీసి, ఏమీ లేని కొత్త ఇల్లు చేశాను. అది ఏది అడిగితే అది కాగితం మీద రాసుకోవడం, వేరే కంప్యూటర్లో దించడం, పెన్ డ్రైవ్‌లో పెట్టి మళ్ళీ వెయ్యడం. అంతా సరిపోయాక మొత్తం చెరిపేసి మొదటినుంచి ఇంకోసారి. అలా మూడుసార్లు చేశాను. మూడోసారి అచ్చం అనూషలాగే చెయ్యాలని తెర చీకటి చేసుకుని, కళ్ళు మూసుకుని, వింటూ టైపు చేశాను. ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. మిగతా రెండుసార్లూ కూడా చెవి ఒగ్గి గొంతు కోసమే కాచుకుని కూర్చున్నాను, మాట వినపడగానే చెరిపేశాను.

ప్రయాణం రోజు పొద్దున నాన్న కాఫీ తాగుతూ, "ఉప్పు రాశావా?" అన్నాడు.

"రాశాను నాన్నా, అన్నీ రాశాను," అని విసుక్కున్నాను.

రైల్లో వేమూరు దాటేలోపు బ్యాగులో చెయ్యి పెట్టి పెన్ డ్రైవ్ నాలుగుసార్లు తడుముకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, "ఏం పోయిందమ్మా?" అంది. ఇంకా ఏం పోలేదండీ అన్నాను.

రేపల్లెలో పరీక్షలకు చీఫ్ సుబ్బారావు మాస్టారు. లెక్కల మాస్టారు, నిమిషాల మనిషి. ఆయన ఎదుటే లాప్‌టాప్ చెరిపి, కొత్తగా ఎక్కించి, నా పెన్ డ్రైవ్ పెట్టాను. ఒక్కో ముక్కా వేశాను. ఏదీ అడ్డం తిరగలేదు. నాలుగున్నరకు లాప్‌టాప్ తెలుగులో మాట్లాడింది. అప్పటికే అనూష వాళ్ళమ్మతో బస్సు దిగి వచ్చి కూర్చుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అలవాటు ప్రకారం ముందు తెర వెలుగు తగ్గించేసి, టకటకా పది లైన్లు కొట్టింది. మొత్తం విని తల ఊపింది.

"బాగుంది మేడం. బాగా చదువుతోందండి."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. సుబ్బారావు మాస్టారు అట్టపెట్టె, లక్క తెప్పించారు.

"సీలు వేసేద్దామామ్మా?"

వేసేద్దామండి అనడానికి నోరు తెరిచాను. అంతలో నా పాత జబ్బు లేచింది, గ్యాస్ కట్టేశానా లేదా అని.

"ఒక్క పేజీ ప్రింటు తీద్దామండి."

"వినపడుతోంది కదమ్మా. ఇంకా ఎందుకు?"

"ఎందుకో నాకూ తెలీదండి. ఒక్క పేజీ."

ఆయన విసుక్కుంటూనే తీయనిచ్చారు. ప్రింటర్ గరగరమని కాగితం బయటికి తోసింది. పేజీ నిండా వరసల్లో చిన్నచిన్న ఖాళీ డబ్బాలు. ఒక్క తెలుగక్షరం లేదు.

మాస్టారు కాగితం వంక, నా వంక చూశారు.

"ఏమైంది మేడం?" అంది అనూష. "కాగితం వచ్చిన చప్పుడైంది. ఎవరూ మాట్లాడట్లేదేంటి?"

వెళ్ళి తెర వెలుగు పెంచాను. అక్కడా డబ్బాలే. తెలుగు ఫాంటు, అంటే అక్షరాల ఆకారాలుండే ఫైలు, లేదు. రోజూ వాడే ప్రతి మిషన్లోనూ ఉంటుంది కాబట్టి ఎవరూ తలుచుకోని సరుకు. నేను కళ్ళు మూసుకుని పరీక్షించాను కాబట్టి నాకు కనపడని సరుకు. లాప్‌టాప్ మాట్లాడటానికి దానితో పని లేదు, అందుకే అది అడగలేదు. ఉప్పు రాశావా అంటే రాశానని విసుక్కున్నాను చూడండి, ఆ ఉప్పు ఇదే.

"నేను రాసింది లేదా అండీ అందులో?" అనూష కాగితం కోసం చెయ్యి చాపింది.

"లోపల ఉందమ్మా. పైకి కనపడ్డానికి అక్షరాలు లేవు. తెస్తాను," అన్నాను.

మాస్టారు గోడ గడియారం చూశారు. అయిదుంబావు. "ఆరు కొట్టగానే సీలు వేస్తానమ్మా. నిమిషం ఆగను. నా మీద కోపం పెట్టుకోవద్దు, స్క్రైబ్‌కి కూడా కబురు చేస్తున్నాను."

ఆరింటిలోపు

పెన్ డ్రైవ్ పట్టుకుని, గేటు దగ్గర ఫోను తీసుకుని ఆటో ఎక్కాను. ఫాంటు ఫోనులోకి దించడం ఎంతసేపు? కానీ ఫోను ఆ లాప్‌టాప్‌కు తగిలించకూడదు. ఏదో ఒక కంప్యూటర్ ద్వారా పెన్ డ్రైవ్‌లోకి రావాలి. కాలేజీ ఆఫీసు కంప్యూటర్లు పరీక్షల కోసం తాళాల్లో ఉన్నాయి. బస్టాండు పక్కన పెళ్ళికార్డులు కంపోజ్ చేసే డీటీపీ షాపు ఉంది. అక్కడ దిగాను. ఓనరు ఒక కార్డు మీద పెళ్ళికొడుకు తాతగారి పేరు సరిచేస్తున్నాడు.

"తెలుగు ఫాంటు కావాలా అక్కా? నా దగ్గర నూటయాభై రకాలున్నాయి. ఏది కావాలో చెప్పండి."

ప్రాణం లేచొచ్చింది. తెరిచి చూస్తే మళ్ళీ నీరుగారిపోయింది. పెళ్ళికార్డుల ఫాంట్లు పాతకాలపువి. వాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల ఇళ్ళల్లో అద్దెకుంటాయి. కార్డు మీద ముచ్చటగా కనపడతాయి గానీ, అనూష టైపు చేసే తెలుగుకు అవి పనికిరావు. ఇది తెలియనివాళ్ళు ఆ నూటయాభైనీ పట్టుకుని ఆనందంగా వెళ్ళిపోతారు. నేను కూడా పదేళ్ళ కిందటైతే అదే పని చేసేదాన్ని.

"ఇవి కాదు తమ్ముడూ. నీ నెట్‌లో ఒక్కటి దించుకుంటాను, లేవవా కాస్త."

లేచాడు. నేను కూర్చున్నాను. కరెంటు పోయింది.

కంప్యూటర్ యు.పి.ఎస్. మీద ఉంది, కీచుకీచుమంటోంది. నెట్ డబ్బా మాత్రం దాని మీద లేదు.

"ఎంతసేపు వస్తుందిది?" అన్నాను.

"కొత్త బ్యాటరీ వెయ్యాలక్కా. అయిదు నిమిషాలొస్తే గొప్ప."

నా ఫోను నెట్‌ని అతని కంప్యూటర్‌కు ఇచ్చాను. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి అతనే కొట్టాడు. ఫాంటు ఒక్క చిన్న ఫైలు, ఏ తోడూ అడగని సరుకు. దిగింది. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఎక్కిందో లేదో తెరిచి చూసి, తీస్తుండగా కంప్యూటర్ ఆరిపోయింది. పెళ్ళికొడుకు తాతగారు సేవ్ కాకుండా పోయారు. క్షమించమన్నాను. "పర్లేదు, ఆయన పేరు ఇప్పటికే నాలుగుసార్లు మార్చారక్కా," అన్నాడతను.

కాలేజీ మెట్లెక్కేసరికి ఆరుకు తొమ్మిది నిమిషాలు. ఫాంటు వేశాను. తెర వెలుగు పెంచాను. డబ్బాలు పోయి అనూష రాసిన లైన్లు కనిపించాయి. "ద్రవ్యం అనగా" అని మొదలైంది. ఆ రెండు మాటలు ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను.

"ప్రింటు?" అన్నాను.

"కరెంటు లేదు కదమ్మా," అన్నారు మాస్టారు. సరిగ్గా ఆరింటికి లక్క కరిగించారు.

వరండాలో

తెర మీద వచ్చింది కాగితం మీద కూడా రావాలి, వస్తుంది, నాకు తెలుసు. తెలిసినా సరే, ఆ రాత్రి తెనాలి ఇంటికెళ్ళి ఏం తిన్నానో గుర్తులేదు. మర్నాడు మొదటి రైలుకే వచ్చి పరీక్ష గది బయట వరండాలో కూర్చున్నాను. నన్ను లోపలికి రానివ్వరు. అదనపు టైముతో కలిపి నాలుగు గంటలు. గోడకు చెవి పెట్టినంత పని చేశాను. లోపల కీబోర్డు చప్పుడు ఆగినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని.

చివరికి గంట కొట్టారు. తర్వాత ప్రింటర్ గరగరమంది. ఒకటి, రెండు, మూడు అని పేజీలు లెక్కపెట్టాను. ఏడు దగ్గర లెక్క తప్పింది.

సుబ్బారావు మాస్టారు తలుపు తీసుకుని బయటికొచ్చారు. "పదకొండు పేజీలమ్మా. అన్నీ అక్షరాలే," అన్నారు. నిన్న విసుక్కున్నందుకు అనుకుంటా, అటెండర్ చేత నాక్కూడా టీ తెప్పించారు.

అనూష గోడ పట్టుకుని బయటికి వచ్చింది.

"మేడం, మొత్తం పేపరు రెండుసార్లు విన్నానండి. రెండోసారి మూడు తప్పులు దొరికితే దిద్దుకున్నాను." ముఖం వెలిగిపోతోంది. "నా తప్పులు నేనే దిద్దుకున్నానండి!"

ఆ మాట విన్నాక ఇక దాచుకోలేకపోయాను. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "అనూషా, బాపట్లలో లాప్‌టాప్ బాగానే ఉందమ్మా. తెచ్చుకోవాల్సినవి నేను తేలేదు. తప్పు నాది. లాప్‌టాప్ చెడిపోయిందని సంతకం కూడా పెట్టాను. నీకు ఏడాది పోయింది."

"తెలుసండి," అంది.

"ఎలా తెలుసు?"

"నేను పక్కనే ఉన్నాను కదండీ. 'మా ఇంట్లో పనిచేసిందే, మా ఇంట్లో పనిచేసిందే' అని గొణుక్కున్నారు మీరు. మూడుసార్లు. అప్పుడే అర్థమైంది. చాలా కోపమొచ్చిందండి. చాలా రోజులుంది. ల్యాబ్ ముందు మెల్లగా నడిచేవారు కదా, అప్పుడు ఇంకా వచ్చేది."

"మరి ఈసారి ఇంకెవరినైనా పంపమని అడగాల్సింది."

"మిమ్మల్నే పంపమని అర్జీలో రాసింది నేనేనండి."

"ఎందుకమ్మా?"

"మీరు భయపడతారని. నిన్న సీలు వేస్తామంటే, ఒక్క పేజీ ప్రింటు తీద్దామన్నారు చూడండి, ఆ మాట ఇంకెవరూ అనరు." ఇయర్‌ఫోన్ల తీగ చుట్టుకుంటూ అంది, "భయం లేనివాళ్ళు వస్తేనే నాకు భయమండి."

తిరుగు రైల్లో తెనాలి వచ్చేలోపు ఒక కాగితం రాశాను. "బాపట్ల కేంద్రంలో లోపం లాప్‌టాప్‌ది కాదు. తేవలసినవి తేకపోయిన తప్పు నాది." కింద సంతకం పెట్టి మర్నాడు కోటేశ్వరరావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు.

"అయిపోయినదానికి ఇప్పుడెందుకమ్మా? పిల్ల పరీక్ష రాసేసింది కదా."

"పాత రిపోర్టు పక్కనే ఫైల్లో పెట్టండి సార్," అన్నాను. పెట్టారు. నెల తిరక్కుండా మెమో వచ్చింది. అదే నెలలో అనూష పాసైంది. నా మెమో తీసుకెళ్ళి నాన్నకు చూపించి, చదివి వినిపించాను.

"ఉప్పుకి నేనూ మాటలు పడ్డానులే," అన్నాడు.